మే నెల కోసం వేసిన ఆకుతోట

మా జూలో కణుజుల (సాంబార్ దుప్పుల) ఆవరణలో దిరిసెన చెట్టు ఎండిపోతోందని కీపర్ వచ్చి చెబితే ముందు చెదలేమో అనుకున్నాను. వెళ్లి చూస్తే నా భుజం ఎత్తు దాకా చుట్టూ బెరడు లేదు. కోరాంతో కొబ్బరి కోరినట్టు నిలువునా పళ్ల గాట్లు. ఆ ఏడాది ఆ ఆవరణలో అలా పోయిన చెట్లలో అది మూడోది.

నేను ఒక మధ్యస్థ జూలో పశువైద్యురాలిని. ఊరి పేరుతో ఇక్కడ పని లేదు. ఇది జరిగేనాటికి మా దగ్గర కణుజులు 18, మనుబోతులు (నీల్గాయ్‌లు) 14 ఉండేవి. చుక్కల దుప్పులు, కృష్ణజింకలు వేరే. మేత విషయంలో కాగితం మీద ఏ లోటూ లేదు. టెండర్‌లో రోజూ లారీడు సూపర్ నేపియర్ గడ్డి వచ్చేది. పొద్దున్నే దాణా: గోధుమ తవుడు, నానబెట్టిన శనగలు, మొక్కజొన్న రవ్వ, ఖనిజ లవణాలు. పొడి పదార్థం (మేతలో నీరు పోగా మిగిలేది) లెక్క సరిపోయింది, ప్రోటీన్ లెక్క సరిపోయింది. ఏ ఆడిటరూ వేలు పెట్టలేని మేత అది.

కానీ గుళికలుగా రాలాల్సిన కణుజుల పెంట ముద్దగా పడేది. నేపియర్ ఆకు కొసలు కొరికి కాడలు తొక్కేసేవి. దాణా తొట్టి దగ్గర మాత్రం కుమ్ములాట. పది నిమిషాల్లో దాణా అయిపోయేది. ఇక సాయంత్రం దాకా వాటికి చేయడానికి పనేమీ లేదు. చెట్టు బెరడే పని.

గడ్డి వేరు, మండ వేరు

నెమరువేసే జంతువులను వాటి కడుపు తీరును బట్టి మూడు గుంపులుగా చూడొచ్చని జర్మన్ శాస్త్రవేత్త రైన్‌హోల్డ్ హాఫ్‌మన్ 1989లో రాశాడు: గడ్డి మేసేవి, ఏరుకుని ఆకులు తినేవి, రెండూ చేసేవి. ఆయన చెప్పిన అన్నింటినీ తర్వాతి వాళ్లు ఒప్పుకోలేదు గానీ, మేత వేసే చోట నిలబడి చూసేవాళ్లకు ఆ విభజన ఇప్పటికీ పనికొస్తుంది. కృష్ణజింకది గడ్డి దారి. చుక్కల దుప్పికి రెండూ నడుస్తాయి. కణుజు, మనుబోతు గడ్డి తింటాయి, కానీ ఆకు లేకపోతే వాటి కడుపూ కుదుటపడదు, నోరూ ఊరుకోదు.

గడ్డి పీచు కడుపులో చాపలా తేలి నెమ్మదిగా పులుస్తుంది. ఆకు చిన్న ముక్కలుగా విరిగి, త్వరగా పులిసి ముందుకు వెళ్లిపోతుంది. మండ నుంచి ఆకు దూసుకుని తినడానికి నాలుకతో, పెదవులతో గంటల తరబడి పని ఉంటుంది. ఈ పని లేకపోతే ఏమవుతుందో జిరాఫీలు బాగా చూపించాయి. అమెరికా జూలలోని జిరాఫీలు, ఒకాపీల మీద 2001లో వచ్చిన ఒక సర్వేలో దాదాపు 80 శాతం జంతువులకు కంచెలు నాకడం, అటూ ఇటూ తిరుగుతూనే ఉండడం లాంటి అలవాట్లలో ఏదో ఒకటి కనిపించింది. మా కణుజులు నాకలేదు, కొరికాయి. అంతే తేడా.

ఇదంతా నేను పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నాను. చిన్నప్పుడు మేకలు కాసిన మా సీనియర్ కీపర్‌కు ఆ అవసరం రాలేదు. "మేక ముందు నేపియర్ కట్ట పడేస్తే ఏం చేస్తదమ్మా? తొక్కుతది. మండ కొట్టి వెయ్యాల" అన్నాడు. అప్పటికి ఆయన ఆ మాట ఐదేళ్లుగా చెబుతున్నాడట. వినాల్సిన కుర్చీలో ఎవరూ వినలేదు. ఆ కుర్చీల్లో నాదీ ఒకటి.

కట్టలో గన్నేరు

ముందు సులువైన దారే పట్టాం. గడ్డి తెచ్చే కాంట్రాక్టర్‌నే వారానికి మూడు రోజులు మండలు కూడా తెమ్మన్నాం. రావి, జువ్వి, నల్లతుమ్మ అని రాసిచ్చాం. మొదటి నెల బాగానే ఉంది. కణుజులు లారీ శబ్దానికే గేటు దగ్గరికి వచ్చేవి.

రెండో నెలలో ఒక పొద్దున కీపర్ కట్ట విప్పి నేల మీద పరుస్తూ సగంలో ఆగిపోయాడు. జువ్వి కొమ్మల మధ్య నుంచి మూరెడు కొమ్మ ఒకటి లాగి నా చేతిలో పెట్టాడు. సన్నగా పొడుగ్గా, కణుపుకు మూడేసి ఆకులు, తుంచితే జిగురు పాలు. గన్నేరు. రోడ్డు మధ్య డివైడర్ మీద పెంచేది అదే కదా. పశువును చంపడానికి గుప్పెడు ఆకులు చాలు. ఎండినా దాని విషం పోదు. ఆకులోని పదార్థాలు నేరుగా గుండె కొట్టుకోవడాన్నే దెబ్బతీస్తాయి. దుప్పి విషయంలో లక్షణాలు కనిపించి, మత్తు ఇచ్చి, పట్టుకుని వైద్యం మొదలుపెట్టేలోగా కథ ముగుస్తుంది. ఆ రోజు ఏ జంతువుకూ ఏమీ కాలేదు. కానీ అంతకు ముందు వచ్చిన కట్టలన్నీ ఎవరు విప్పారు, ఎలా విప్పారు అన్న టెన్షన్ నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు.

గన్నేరు ఒక్కటే కాదు. రోడ్డు పక్క మండల్లో దుమ్ము, కవర్ల ముక్కలు, ఎవరి చేలోంచి కొట్టారో తెలియని ఆకుల మీద పురుగుమందు, గాలికుంటు తిరుగుతున్న ఊళ్లో పశువులు తిరిగిన చోటి గడ్డి. కొనే మేతలో ఏముందో మనం రుజువు చేయలేం. అందుకే సొంతంగా పెంచాలని నిర్ణయించాం. విశాఖలోని 625 ఎకరాల జూకో, హైదరాబాద్‌లోని 380 ఎకరాల నెహ్రూ జూకో ఉన్నంత జాగా మాకు లేదు. క్వారంటైన్ షెడ్డు వెనక ముళ్లకంప పెరిగిన రెండెకరాల ఎర్రనేల, ఒక బోరు, ఇద్దరు మనుషులు. ఇచ్చింది అంతే.

రెండెకరాల లెక్క

గడ్డిలో కొంత తగ్గించి, ఒక్కో పెద్ద జంతువుకు రోజుకు మూడు కిలోల తినదగ్గ ఆకు ఇద్దామనుకున్నాం. 32 జంతువులకు 96 కిలోలు. తినదగ్గ ఆకు అన్నది గట్టిగా గుర్తుంచుకోవాలి. కొట్టిన మండను తూచి, జంతువు వదిలేసిన పుల్లను సాయంత్రం మళ్లీ తూచితే మాకు దాదాపు సగానికి సగం తేలింది. అంటే 96 కిలోలు కడుపులోకి వెళ్లాలంటే దాదాపు 190 కిలోల మండ కొట్టాలి.

పొలాన్ని 48 వరుసలు చేశాం. రోజుకో వరుస కోస్తే మళ్లీ మొదటి వరుస వంతు 49వ రోజుకు వస్తుంది. ఎక్కువ భాగం సుబాబుల్, అవిశ. మిగతా వరుసల్లో మల్బరీ, మునగ, గ్లిరిసీడియా, దశరథ గడ్డి. గట్ల మీద జువ్వి, మేడి పోతుకొమ్మలు నాటాం. కంచె వెంట సీమచింత, రేగు. ఇక్కడ ఒక మాట. జంతువుల పెంట జూలో గుట్టలుగా ఉంటుంది, దాన్ని పచ్చిగా తెచ్చి ఈ తోటలో వేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. వద్దు. దుప్పి పెంటలోని నులిపురుగుల గుడ్లు, దాంతోపాటు జోన్స్ వ్యాధి లాంటి పేగుల జబ్బులు ఆకు మీదుగా మళ్లీ దుప్పి నోటికే చేరతాయి. మేము బాగా వేడెక్కి మాగిన కంపోస్టు మాత్రమే వేశాం, అదీ కోత అయిన వెంటనే.

మధ్యలో ఖాళీగా ఉన్న చోట వేసవి జొన్న చల్లమని ఆఫీసు నుంచి సలహా వచ్చింది. త్వరగా వస్తుంది, ఖర్చు తక్కువ. నేను సరే అనబోయాను. కీపర్ అడ్డం తిరిగాడు. "నాము అమ్మా. నీళ్లు చాలని లేత జొన్న. మా నాయన రెండు ఎడ్లు పోగొట్టుకున్నాడు." నిజమే. నీటి ఎద్దడిలో ఉన్న లేత జొన్నలో, కోసిన మోడు నుంచి వచ్చే పిలకల్లో సైనైడ్ తయారయ్యే గుణం ఎక్కువ. పూతకు వచ్చాక ఫర్వాలేదంటారు. కానీ రెండెకరాల తోటలో పూత దాకా ఆగే ఓపిక ఎవరికుంటుంది? జొన్న మాట అక్కడితో ఆగింది.

నేను చేసిన తప్పులు

మొదటిది అవిశ. సుబాబుల్‌ను నేల నుంచి రెండు, మూడు అడుగుల ఎత్తులో నరికితే మోడు నుంచి కుప్పలుగా చిగుళ్లు వస్తాయి. అదే కొలతతో అవిశనూ నరికించాను. ఇరవై రోజులు చూశాం. మూడో వంతు మొక్కల మోళ్లు నల్లబడి లాగితే ఊడి వచ్చాయి. అవిశకు నడినెత్తి మీద కోత పడకూడదు. మనిషి ఛాతీ ఎత్తు పైనే కోయాలి, పక్క కొమ్మలు కొన్ని ఉంచాలి, అంత తరచుగా కోయకూడదు. ఇది ఏ రైతుకైనా తెలిసే విషయమే, నేను అడగలేదు.

రెండోది సుబాబుల్. దీనికి కొంత వెనక కథ ఉంది. సుబాబుల్ ఆకులో, ముఖ్యంగా లేత చిగురులో, గింజల్లో మిమోసిన్ అనే పదార్థం ఉంటుంది. ఎక్కువైతే వెంట్రుకలు రాలుతాయి, దాని నుంచి వచ్చే మరో పదార్థం వల్ల గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి ఉబ్బుతుంది. ఆస్ట్రేలియాలో పశువులు దీనితో బాధపడుతుంటే హవాయిలోని మేకలకు మాత్రం ఏమీ కావడం లేదని రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త గమనించాడు. ఆ మేకల కడుపులోని సూక్ష్మజీవులను తెచ్చి ఆస్ట్రేలియా పశువులకు ఎక్కిస్తే వాటికీ తట్టుకునే శక్తి వచ్చింది. ఆ జీవికి 1992లో ఆయన పేరే కలిపి సినర్జిస్టెస్ జోన్సియై అని పేరు పెట్టారు. మన మేకలు, పశువులు చాలాచోట్ల సుబాబుల్‌ను హాయిగా తింటాయి. కానీ పుట్టిన దగ్గర్నుంచి నేపియర్ తప్ప ఎరగని మా కణుజు కడుపులో ఏ జీవి ఉందో ఎలా చెప్పగలం? అందుకే రోజుకు గుప్పెడుతో మొదలుపెట్టి, రెండు నెలలు తీసుకుని, మొత్తం మేతలో మూడో వంతు దాటకుండా ఆపాం. దుప్పులకు ఏమీ కాలేదు.

అయింది కుందేళ్లకు. మా చిన్నపిల్లల విభాగంలో కుందేళ్లు చూసే కుర్రాడు మిగిలిన సుబాబుల్ రెమ్మలు పాపం అని రోజూ వాటికి వేస్తున్నాడు. మూడు వారాలకు వీపుల మీద అరచేయంత బోడి మచ్చలు. చర్మవ్యాధి అనుకుని గీకి స్లైడ్ కూడా చూశాను, ఏ పురుగూ లేదు. చివరికి గూట్లో మూల నలిగిన రెమ్మ ఒకటి దొరికితే అర్థమైంది. ఆకు ఆపేశాక వెంట్రుకలు మళ్లీ వచ్చాయి. ఆ రోజు నుంచి తోట గేటు మీద ఒక బోర్డు ఉంది: ఈ ఆకు నెమరువేసే వాటికే. కాయ పండకముందే సుబాబుల్ కోసేయాలన్న నియమం కూడా అప్పుడే పెట్టాం. లేకపోతే ఒక్క ఏడాదిలో జూ అంతా అదే మొలుస్తుంది.

గ్లిరిసీడియా సంగతి త్వరగా చెప్పేస్తాను. పచ్చిగా వేస్తే వాసన చూసి తల తిప్పేశాయి. ఒక పూట నీడలో వాడ్చి వేస్తే కణుజులు తిన్నాయి. మనుబోతులు ఇప్పటికీ తినవు.

మండను నేల మీద పడేస్తే పెంటలో కలుస్తుంది కాబట్టి వేలాడదీయాలి. మొదట నైలాన్ తాళ్లతో కట్టాం. ఒక ఉదయం పోతు కణుజు కొమ్ములకు తాడు చుట్టుకుని స్తంభం దగ్గర మోకాళ్ల మీద ఉంది. తాడు కోసి వదిలించేలోగా నా గుండె నా చేతిలో లేదు. ఇప్పుడు ఐదడుగుల ఎత్తున ఇనుప గొట్టాలు అమర్చి, మండల మొదళ్లు వాటిలో దూర్చుతున్నాం. పెత్తనం చేసే పోతు ఒక్కటే అన్నీ ఆక్రమించకుండా గొట్టాలను దూరదూరంగా తొమ్మిది చోట్ల పెట్టాం.

మే వచ్చింది

మొదటి వానాకాలం మాకు గర్వం తెచ్చింది. వరుసకు 130 కిలోల దాకా తినదగ్గ ఆకు వచ్చేది. పెద్దసారు వచ్చి చూసి, పక్క జూకు కూడా పంపిద్దామా అన్నారు. నవంబరులో నేను రాసిన నివేదిక ఇప్పుడు చదువుకుంటే సిగ్గేస్తుంది. ఏడాది మొత్తం మేత స్వయంసమృద్ధి అని రాశాను.

మార్చి చివరికి బోరు సగానికి పడిపోయింది. 48 రోజుల్లో కోతకు రావాల్సిన వరుస 80 రోజులకు గానీ రాలేదు. అంటే రోజుకు ఒక వరుస కాదు, 0.6 వరుస. ఆ వరుసలోనూ 130 కాదు, 60 కిలోలు. గుణిస్తే రోజుకు 36 కిలోలు. కావలసింది 96. మల్బరీ ఆకు అట్టముక్కలా అయింది. మే రెండో వారంలో కణుజులు మళ్లీ బెరడు మొదలుపెట్టాయి. తోట ఉందన్న ధీమాతో మండల టెండర్ రద్దు చేసుకున్నాం కాబట్టి ఈసారి చేతిలో ఏమీ లేదు.

ఆకుతోట మీద నాకున్న అభిప్రాయం అంతా ఆ మే నెలలోనే ఏర్పడింది. మేత తోటకు ఎకరాకు ఏడాదికి ఎన్ని టన్నులు అని అడగడం తప్పు ప్రశ్న. జంతువు సగటును తినదు. మే 15న చేతిలో ఎన్ని మోపులు ఉంటాయి అన్నదే ప్రశ్న. తోటను ఆ రోజు నుంచి వెనక్కి గీయాలి.

అలా గీస్తే రెండో ఏడాది మూడు పనులు వచ్చాయి. మొదటిది, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వచ్చే మిగులు ఆకును పాతర వేయడం. పొలంలో గుంత తవ్వి వేసే సైలేజీనే, మేము 200 లీటర్ల నీలి డ్రమ్ముల్లో వేశాం. ఐరోపా జూలు శీతాకాలం కోసం కొమ్మలను ఇలాగే పులియబెట్టుకుంటాయి, కొందరు గడ్డకట్టించి కూడా దాస్తారు. వాళ్లకు డిసెంబరు ఎలాగో మనకు మే అలాగ. సుబాబుల్, మల్బరీ ఆకులను లేత రెమ్మలతో సహా చాఫ్ కట్టర్‌లో అంగుళం ముక్కలు చేసి, బెల్లం మడ్డి నీళ్లలో కలిపి చల్లి, పొరపొరకూ కాలితో తొక్కి గాలి లేకుండా మూత బిగించాలి. డ్రమ్ముకు వంద కిలోలు పట్టింది. 24 డ్రమ్ములు నింపాం. తీసినప్పుడు ఆకుపచ్చ కాస్త పసుపు తిరిగి, తరవాణి కుండ మూత తీసినట్టు పుల్లటి వాసన రావాలి. రెండు డ్రమ్ముల మూత రింగులు సరిగా పడలేదు, వాటిలో తెల్లబూజు. కీపర్లు పైపొర తీసేసి వేద్దామన్నారు, నేను మొత్తం పారబోయించాను. బూజు మేతతో బేరం ఉండకూడదు.

రెండోది, ఫిబ్రవరి నుంచి 16 వరుసలకు కత్తి తగలకుండా వదిలేయడం. ఆకు ముదురుతుంది, ప్రోటీన్ తగ్గుతుంది, అయినా చెట్టు మీద ఉన్న ఆకు ఉన్నట్టే. కిందటేడు ఆ నెలల్లో లేత ఆకుకు కక్కుర్తిపడి అన్నీ కోసేశాం.

మూడోది, మన చెట్ల క్యాలెండర్ చూడడం. నీళ్లు పెట్టి పెంచే మొక్కలు వేసవిలో చేతులెత్తేస్తాయి, వేళ్లు లోతుకు పోయిన చెట్లు అప్పుడే చిగురు వేస్తాయి. రావి, జువ్వి ఎండాకాలపు మొదట్లోనే కొత్త ఆకు తొడుగుతాయి. జమ్మి అయితే ఎండలోనే పచ్చగా ఉంటుంది. నల్లతుమ్మ కాయలు వేసవిలో రాలుతాయి. మేకల వాళ్లు దోటితో దులిపి మూటలు కట్టుకుని పోయేది వాటి కోసమే. మా ప్రహరీ లోపల 30 దాకా నల్లతుమ్మలు ఉన్నాయి, ఇన్నేళ్లూ కాయలు ఊడ్చి చెత్తలో పోస్తున్నాం. కీపరే దోటి తయారు చేశాడు. వెదురు గడ చివర కొడవలి కట్టి, కింద తాటాకు చాప పరిచి. టానిన్ (వగరు పదార్థం) ఎక్కువ కాబట్టి ఒక్కో కణుజుకు రోజుకు అరకిలో మించకుండా వేశాం. కొమ్మల కంటే ముందు వాటినే ఏరుకుని తిన్నాయి, పటపటా శబ్దం గేటు దాకా వినిపించేది.

ఆ రెండో మే నెల నడిచింది ఇలా: తోటలో మిగతా 32 వరుసల నుంచి వచ్చినంత, వదిలేసిన వరుసల నుంచి రోజుకు పాతిక దాకా, డ్రమ్ముల నుంచి 40 కిలోలు. కొరత పడిన రోజుల్లో గట్టు మీద జువ్వి. పులిసిన ఆకును మనుబోతులు మొదటి రోజే తిన్నాయి. కణుజులు నాలుగు రోజులు వాసన చూసి వెళ్లిపోయాయి, ఐదో రోజు పైన తవుడు చల్లితే తొట్టి ఖాళీ.

ఫలితాలు, ఖర్చు

పెంట గుళికలకు తిరిగొచ్చింది, అది ఆరు వారాల్లోనే తెలిసింది. దాణాను నాలుగో వంతు తగ్గించగలిగాం, బరువు తగ్గినట్టు కంటికి కనిపించలేదు. కణుజులను తూచే ఏర్పాటు మాకు లేదు, కాబట్టి కంటి చూపుకు మించి చెప్పను. బెరడు ఒలవడం బాగా తగ్గింది, పూర్తిగా ఆగలేదు. ఒక ముసలి పెంటి కణుజు ఎన్ని మండలు వేసినా రోజుకోసారి చెట్టు దగ్గరికి వెళ్లి వస్తుంది. దానికది అలవాటైపోయింది. ఆ ఆవరణలో మిగిలిన చెట్లకు ఇనుప జాలీ చుట్టాం. ఈనికలు పెరిగాయా అని చాలామంది అడుగుతారు. 18 జంతువులతో రెండేళ్ల లెక్క చూసి అలాంటి మాట అనకూడదు.

ఖర్చు తగ్గుతుందని మాత్రం ఎవరికీ ఆశ పెట్టకండి. ఇద్దరి కూలీ, కరెంటు, డ్రమ్ములు, మడ్డి కలిపితే కాంట్రాక్టర్ మండల కన్నా మాది కిలోకు ఎక్కువే పడింది. ఈ ఖర్చు మీద ఫైలు తిరిగొచ్చినప్పుడు నేను రాసింది ఒక్కటే: మా తోటలో గన్నేరు లేదు. ఫైలు కదిలింది.

చుక్కల దుప్పులకు నేపియర్ అలాగే కొనసాగుతోంది, 45 రోజులకోసారి కోసి ముక్కలు చేసి వేస్తే బాగానే తింటాయి. కృష్ణజింకలకు లావు కాడలు నచ్చవు. వాటి ఆవరణ పక్కనే కాస్త అంజన్ గడ్డి వేశాం.

ఉత్తరపు గట్టు మీద కిందటి జులైలో 40 జమ్మి మొక్కలు నాటాం. 31 బతికాయి, ఇప్పుడు మోకాలెత్తు. వాటి నుంచి మండ కొట్టేనాటికి నేను ఈ జూలో ఉండను. మొక్కకో నంబరు రేకు కట్టి, ఏ నెలలో చిగురు వేసిందో రాసే పుస్తకం కీపర్ దగ్గర పెట్టాను. మొన్న తీసి చూస్తే 17వ నంబరు ఎదుట ఆయన రాత: "మేక దూరింది. కొస తినేసింది. మళ్లీ వస్తది."